సీసానికి పొడిపూత

సీసం అనగానే తెలుగు పండితునికి ముందుగా స్ఫురించేది లోహం కాదు, పద్యం. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగు పాదాలు నడిచిన పిమ్మట తేటగీతియో ఆటవెలదియో తోడు రావలసిందే. ఉద్యోగమున్నన్ని నాళ్ళూ ఈ లక్షణాన్ని నల్లబల్ల మీద వ్రాసి పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. ఆ సీసాన్ని విడిచి లోహపు సీసాన్ని గూర్చి, అందులోనూ తుపాకి గుండుగా పోతపోసిన సీసాన్ని గూర్చి ఒక టపా వ్రాస్తానని కలలోనైనా అనుకోలేదు. "మాస్టారూ, మీకు తూటాలతో పనేమిటండీ?" అని బ్లాగ్మిత్రులు అడుగుదురు గాక. పని నాది కాదు, మా పక్కింటివారిది. చూపు మాత్రమే నాది.

ఏడాదిలో కొన్ని నెలలు మా అబ్బాయి దగ్గర, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఒక ఊళ్ళో ఉంటున్నాము. పక్కింటి పెద్దాయన డెబ్బై దాటినవారు. లేతు యంత్రం మీద పనిచేసి విరమించారు. నేను బడిపంతులునని తెలిసిన నాటినుండి నన్ను "టీచర్" అని పిలుస్తారు. నేను మాత్రం మనసులో ఆయనకు విశ్వకర్మగారని పేరు పెట్టుకొన్నాను. ఆయన గ్యారేజీలో కారుకు చోటు లేదు; బల్లలు, బిగింపులు, తూనికలు, ఒక విద్యుత్ కుంపటి, ఒక పాత రొట్టెల పొయ్యి ఉన్నాయి. నేలమీద పసుపుపచ్చ గీత ఒకటి గీసి, పని జరిగేటప్పుడు అది దాటరాదని నాకు మొదటిరోజే చెప్పారు. బడిలో గీత గీసేవాణ్ణి నేను. అక్కడ గీతకు ఇవతల నిలబడే విద్యార్థిని నేనే.

ముందుగా మాటల సంగతి. వాడుకలో మనం తూటా, గుండు అనే పదాలను ఒకదానికి బదులుగా ఒకటి వాడేస్తాము. పనివారి లెక్కలో అవి వేరు. ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. పేల్చినప్పుడు మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది, ప్రైమరు ఖర్చయిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. దానిని శుభ్రం చేసి, పూర్వపు కొలతకు నొక్కి, తక్కిన మూడింటినీ కొత్తగా అమర్చడమే ఇక్కడివారు చెప్పే రీలోడింగ్. సొంత వాడకానికి ఇలా నింపుకోవడానికి అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. కనుక ఇది తెలుసుకోవడానికే గాని చేయడానికి కాదని మనవి.

విశ్వకర్మగారు గుండును కూడా కొనరు, పోస్తారు. సీసం ఈ పనికి ఎందుకు కుదిరిందో ఆయన వివరించిన తీరు నాకు నచ్చింది. ఇనుముకంటె బరువు, ఘన సెంటీమీటరు ఇనుము ఎనిమిది గ్రాములకు లోపు తూగితే అంతే సీసం పదకొండు గ్రాములు దాటుతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటీగ్రేడు కావాలి. సీసానికి 327 చాలు. బరువూ ఉంది, లొంగుబాటూ ఉంది. అయితే వట్టి సీసం మరీ మెత్తన. అందువలన గట్టిదనానికి ఆంటిమొనీ, అచ్చు మూలమూలలా నిండడానికి కాస్త తగరం కలుపుతారు.

ఈ మాట విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. సీసం, ఆంటిమొనీ, తగరం కలిసిన లోహం నాకు కొత్త కాదు. అవి అచ్చు అక్షరాల లోహం! మా బడి వార్షిక సంచిక కోసం ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దిన రోజుల్లో, కంపోజిటర్ అరల్లోనుండి ఏరి పేర్చిన అక్షరాలు ఈ మిశ్రమమే. విశ్వకర్మగారి బల్లకింద ఒక పాత పత్రికా ముద్రణాలయంనుండి తెచ్చుకొన్న లైనోటైపు ముక్కల డబ్బా ఉంది. నూటికి 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. గట్టిదనం కోసం గుండ్లు పోసేవారు దీనిని ఏరి కోరి తెచ్చుకొంటారట. ఒక ముక్కను ఆయన నా చేతికి తొడుగులు ఇచ్చి చూపించారు. దాని అంచున ఒక వార్తాపంక్తి తలక్రిందులుగా ఉన్నది. ఎవరి పెళ్ళివార్తయో, ఎవరి మరణవార్తయో చదువలేకపోయాను. ఆ సాయంత్రం అది కుంపటిలో కరిగిపోయింది. మన ఊళ్ళలో ఆఫ్‌సెట్టు, డీటీపీ వచ్చిన తరువాత తెలుగు అక్షరాలు కిలోల లెక్కన పాతలోహం కొట్లకు పోయాయి. అవి ఏమయ్యాయో గాని, కరిగిన తరువాత అక్షరానికీ గుండుకూ లోహంలో భేదం లేదన్నది మాత్రం ఆనాడు కళ్ళారా చూశాను.

డబ్బాలో ముఖ్యంగా ఉండేవి కారు చక్రాల తూకం సరిచేయడానికి అంచున తగిలించే బిళ్ళలు. ఒకప్పుడు అవన్నీ సీసమే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు సీసపు బిళ్ళలను నిషేధించిన తరువాత జింకువీ, ఉక్కువీ పెరిగాయి. జింకు 419 డిగ్రీల దాకా కరగదు. కుంపటి వేడిని హద్దులో ఉంచితే అది పైకి తేలుతుంది, గరిటెతో తీసివేయవచ్చును. ఏమరి వేడి పెంచితే కలిసిపోయి మొత్తం పోతను పాడుచేస్తుంది. ఇక నీటి సంగతి మరీ ఘోరం: కరిగిన సీసంలోకి ఒక్క నీటిచుక్క జారితే అది తటాలున ఆవిరై, సీసాన్ని చుట్టూ చిమ్ముతుంది. అందుకే ఆ రోజుల్లో విశ్వకర్మగారికి ముఖానికి అద్దపు కవచం, చేతులకు తోలు తొడుగులు, బల్లమీద మంచినీళ్ళ గ్లాసుకు నిషేధం.

ఇక పూత దగ్గరకు వద్దాము. సీసపు గుండును అట్లాగే పేలిస్తే గొట్టంలోని మెలికగాళ్ళకు రాసుకొని సీసం అంటుకుపోతుంది. గుండు గొట్టానికి సరిగా బిగువుగా లేకపోతే, వెనుకనుండి తోసే వేడి వాయువు పక్క సందుల్లోంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి గొట్టానికి పులుముతుంది. తరువాతి గుండ్లు గురి తప్పుతాయి. దీనికి మొదటినుండీ ఉన్న మందు జిడ్డు. గుండుకు చుట్టూ గాడి తీసి అందులో మైనమో కొవ్వో నింపేవారు.

ఆ కొవ్వు చరిత్ర మనకు చెప్పనక్కరలేదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి కాగితపు తూటా. గొట్టంలోకి సులువుగా జారడానికి దానికి జిడ్డు. పేల్చేముందు పళ్ళతో కొరకాలి. ఆ జిడ్డు ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పుట్టి దండులన్నింటికీ పాకింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్‌పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్‌లో మీరట్‌లో 85 మంది సిపాయీలు తూటాలు ముట్టమన్నారు. మే 10న మీరట్ భగ్గుమన్నది. ఆ తిరుగుబాటుకు ఉన్న కారణాలు అనేకం. కాని నిప్పురవ్వ మాత్రం గుండు మీద పూసిన పూత. నేను ఈ కథ చెప్పినప్పుడు విశ్వకర్మగారు చేతిలో పని ఆపి విన్నారు. "గుండుకు ఏం పూయాలన్నది ఇంత పెద్ద ప్రశ్నా!" అన్నారు. "నోటికి అందేదానికి ఏం పూశారన్నది ఎప్పుడూ పెద్ద ప్రశ్నే" అన్నాను. ఆ మాట తరువాత మళ్ళీ మా మధ్యకు వస్తుందని అప్పుడు తెలియదు.

ఆయన కూడా చాలాకాలం తేనెమైనం వాడారట. మైనం పొగ చిమ్ముతుంది, ఎండకు కారుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. ఇప్పుడు వాడుతున్నది పౌడర్ కోటింగ్. మన ఇనుప బీరువాలకు, కిటికీ చట్రాలకు, సైకిళ్ళకు వేసేది ఇదే. రంగునూ ప్లాస్టిక్‌నూ కలిపి మెత్తగా పొడి చేసి, వస్తువుకు అంటించి, పొయ్యిలో కాల్చితే అది కరిగి, పరచుకొని, గట్టిపడి విడదీయరాని చర్మమవుతుంది. ద్రావకం లేదు, బ్రష్షు లేదు.

గుండ్లకు ఈ పూత వేసే పద్ధతి చూస్తే నవ్వు వస్తుంది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో గుండ్లు, చెంచాడు పొడి, పిల్లల బొమ్మతుపాకిలో వేసే ప్లాస్టిక్ పూసలు గుప్పెడు వేసి, మూతపెట్టి గిరగిర తిప్పుతారు. ఒరిపిడికి పుట్టిన స్థిరవిద్యుత్తు పొడిని గుండ్లకు అతుక్కొనేటట్లు చేస్తుంది. దువ్వెనను తలకు రాసి కాగితపు ముక్కలను ఎత్తే ఆట మన బడుల్లో ఆడించినదే గదా! పిమ్మట చిమటాతో ఒక్కొక్క గుండునూ తీసి, అంటుకోని రేకుమీద పేర్చి, 400 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 204 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఓ 20 నిమిషాలు కాలుస్తారు. సీసం కరిగే వేడికి ఇది చాలా తక్కువ గనుక గుండు ఆకారం చెడదు. ఆ పొయ్యిలో మళ్ళీ జన్మలో రొట్టె కాల్చరాదు. దాని తలుపు మీద ఎర్రసిరాతో ఆ మాట వ్రాసి ఉన్నది.

పూత సరిగా కాలిందో లేదో తెలుసుకోవడానికి పరీక్షలు రెండు. అసిటోనులో ముంచిన గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు దిగరాదు. సుత్తితో కొట్టి చదును చేసినా పూత పెచ్చులూడరాదు. రెండవ పరీక్ష నాకు వదిలారు. పొయ్యి చల్లారిన ఒక ఉదయం గీత దాటి, సుత్తి పట్టుకొని కొట్టాను. గుండు అప్పడంలా అణిగింది. ఎర్రని పూత దానితోపాటే సాగింది గాని ఎక్కడా రాలలేదు. పూత వలన గుండు చుట్టుకొలత వెంట్రుకవాసి పెరుగుతుంది గనుక, చివరగా దానిని ఒక ఉక్కు రంధ్రంలోంచి నొక్కి సరియైన కొలతకు తెస్తారు. పరీక్ష పెట్టడం, దిద్దడం, కొలతకు తేవడం! ఇన్నేళ్ళ నా ఉద్యోగానికీ ఆయన వ్యసనానికీ దూరం లేదనిపించింది.

కాని ఆయన ఈ పూతకు మారింది తుపాకి గొట్టం కోసం మాత్రమే కాదు. నాలుగు గోడల మధ్య ఉండే గురికేంద్రంలో ఏళ్ళ తరబడి కాల్చిన తరువాత ఒకసారి రక్తపరీక్షలో సీసం ఎక్కువగా కనబడిందట. సీసం ఒంట్లోకి వెళితే అంత సులువుగా పోదు. ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉంటుంది. పూత వేసిన గుండు చేతికి మసి అంటించదు, గొట్టంలో అరగదు, వేడి వాయువుకు నేరుగా దొరకదు. అంతవరకు అది నిజమైన రక్ష. మన అమ్మలు ఇత్తడి గిన్నెల్లో పులుసు కిలుమెక్కకుండా కళాయి పోయించినట్లే. వీధిలో కళాయివాడు నవాసారం చల్లి, తగరం పూసి, గుడ్డతో రుద్ది వెండిలా మెరిపించేవాడు. ఆ పూత లేకపోతే ఆ గిన్నెలో తినడం ప్రమాదం.

అయితే కళాయి గిన్నె మొత్తాన్ని మార్చదు, ఇదీ అంతే. విశ్వకర్మగారి వైద్యురాలు అడిగిన ప్రశ్న గుండును గూర్చి కాదట, ప్రైమరును గూర్చి! సాధారణ ప్రైమరులో లెడ్ స్టిఫ్నేటు అనే సీసపు సమ్మేళనం ఉంటుంది. ప్రతి దెబ్బకూ అది పొగలో కలుస్తుంది, కాలిన ఇత్తడి గొట్టాల్లో దుమ్ముగా మిగులుతుంది. గుండుకు ఎంత అందమైన పూత వేసినా ఆ పొగకు పూత లేదు. కుంపటి పైన తేలిన బూడిదకూ పూత లేదు. కనుక ఆయన గాలి పారే చోటనే కాలుస్తారు. గొట్టాలను పొడిగా గాక నీటితో కడుగుతారు. గ్యారేజీలో తినరు, త్రాగరు. పని బట్టలు ఇంటి బట్టలతో కలపరు. పూతకంటె ఈ ఆచారమే తనను కాపాడిందని ఆయన నమ్మకం. తరువాతి పరీక్షల్లో అంకె దిగిందట. మన మడి గుర్తుకు వచ్చి నాలో నేనే నవ్వుకొన్నాను.

గుండు తుపాకి దాటిన తరువాత పూత చేయగలిగింది మరీ తక్కువ. వేటలో కొట్టిన జంతువు శరీరంలో చిట్లిన సీసపు తునకలను తిని కాలిఫోర్నియా కాండర్ అనే మహాగృధ్రాలు చచ్చిపోయాయి. 1987 నాటికి లోకంలో మిగిలినవి 27. వాటన్నింటినీ పట్టి, పెంచి, 1992 నుండి తిరిగి అడవిలో వదలుతున్నారు. వాటి మరణాలకు నేటికీ ప్రధాన కారణం సీసమే. 2019 జులై 1 నుండి కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలు పూర్తిగా నిషిద్ధం. చిట్లిన తునకకు పైపూత ఏపాటి అడ్డు?

పూతకు సంబంధించి డమ్‌డమ్ పేరు మరొకసారి చరిత్రకెక్కింది. 1890ల్లో అక్కడి ఆయుధ కర్మాగారంలోనే, సీసపు గుండుకు ఉండే గట్టి లోహపు తొడుగును కొన వద్ద కావాలనే తెరచి ఉంచారు. మెత్తని సీసం ఒంటికి తగలగానే విచ్చుకొని గాయాన్ని పెద్దది చేసేది. 1899లో హేగ్ సమావేశం అట్టి గుండ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది. ఒకే ఊరు, 1857లో పూసిన దానికి కోపం, 1890ల్లో పూయక వదిలిన దానికి అభ్యంతరం.

ఇంతవరకు నాకు ఇది వింతగా, విజ్ఞానంగా ఉంది. సంకటం మా ఏడేళ్ళ మనుమడితో వచ్చింది. పోతపోసే రోజున పిల్లలకు ప్రవేశం లేదు గాని, ఒకనాడు మామూలు సమయంలో వాడు నాతో వచ్చి బల్లమీద ఆరబెట్టిన గుండ్లను చూశాడు. ఎర్రవి, నీలివి, పచ్చవి, నిగనిగలాడుతున్నవి. "తాతయ్యా, చాక్లెట్లలా ఉన్నాయి! ఒకటి తీసుకోనా?" అన్నాడు. మందు లేని వట్టి గుండు పేలదు. విశ్వకర్మగారు ముచ్చటపడి ఇవ్వబోయారు. వాళ్ళ అమ్మను అడిగి చెబుతానని నేను ఆపాను. ఇంటికి వచ్చి చెప్పగానే మా కోడలు ఒక్కటే మాట అన్నది: "మామయ్యగారూ, వీడు పెన్సిళ్ళు నమిలే పిల్లవాడు."

అంతే. పేలే భయం ఒకటే భయమనుకొంటాము. పిల్లల రక్తంలో సీసానికి ఇంతవరకు ఫరవాలేదన్న హద్దు లేదని వైద్యులు అంటారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ గమనించవలసిన అంకెను 2021లో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములనుండి 3.5కు దించింది. బూడిదరంగు సీసపు ముద్దను ఏ పిల్లవాడూ ముచ్చటపడి అడగడు. పెద్దల చేతిని కాపాడిన పూతే పిల్లవాడి చేతిని పిలిచింది.

ఈ మాట ఆయనతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. పొరుగువారి ఇష్టమైన పనిని తప్పుపట్టినట్లు ఉంటుందేమోనని సంకోచం. చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. మనుమణ్ణి పిలిపించి, గీత అవతలనుండే చూడమని, ఒక ఎర్ర గుండును కత్తితో నిలువునా కోశారు. లోపల సీసం తళుక్కుమన్నది. "రంగు నాది. లోపలిది దానిదే" అన్నారు. వాడు ఆలోచించి, "అయితే రంగు ఉన్నా లేకపోయినా ఒకటేనా?" అని అడిగాడు. "నాకు ఒకటి కాదు, నీకు ఒకటే" అన్నారాయన. ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం నేను ఏ పాఠానికీ చెప్పి ఉండను. ఆ నెలలోనే రంగుపొడి డబ్బాలు తీసివేసి ముదురు బూడిదవర్ణం తెప్పించారు. "దానికి దాని రంగే వేశాను టీచర్" అన్నారు. తయారైన గుండ్లు ఇప్పుడు తాళం వేసిన బీరువాలో ఉంటున్నాయి. ఆ బీరువాకు కూడా పౌడర్ కోటింగే!

మనవారికి ఈ లోహపు గుట్టు తెలియనిది కాదు. అమరకోశంలో సీసానికి నాగం అని పేరు, పామూ నాగమే. సిందూరానికి నాగసంభవమని పేరు, సీసంనుండి పుట్టినది కనుక. విషం పేరులోనే ఉంది, ఎరుపు మాత్రం నుదుటికెక్కింది. పూతన కథలో విషం పైపూత, లోపల రాక్షసి. ఇక్కడ తిరగబడి, అందం పైపూత, విషం లోపల.

చివరకు ఒక మనవి. పౌడర్ కోటింగ్‌కు తెలుగులో 'పొడిపూత' అంటే ఎట్లా ఉంటుంది? పొడితో వేసేది, పొడిగా వేసేది, రెండర్థాలూ కుదురుతాయి. పూత అన్న మాటకు తెలుగులో మామిడిపూత ఉన్నది, గోడపూత ఉన్నది. సంస్కృతంలో పూతమంటే పవిత్రమైనది. పొడిపూతలో ఆ మూడవ అర్థాన్ని మాత్రం ఎవరూ చదువుకోరాదని నా హెచ్చరిక. ఇంతకంటె మంచి మాట తోచినవారు వ్యాఖ్యగా వ్రాయండి, సంతోషంగా స్వీకరిస్తాను.